పరస్థానం పెట్టె

ఆ బుధవారం ఉదయం మహిపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడూ నలభై రెండుకు తన పెట్టెను నాలుగిళ్ల అవతల పెట్టి రావాలి. ఎనిమిదింటికి ఉప్మా తినాలి. తొమ్మిదింటికి క్షవరం చేయించుకోవాలి. మిగిలిన రోజంతా భార్య సంతోషి ముందు ధైర్యంగా కనబడాలి. మర్నాడు, అంటే గురువారం పదింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కితే, ఏడాదిపాటు బోట్స్వానాలో ఉద్యోగం.

మహిపాల్ బోరు బండి డ్రిల్లరు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికి ఉంటున్నాడు. ఇరవై ఏళ్లుగా భూమికి చిల్లులు వేయడమే పని. కింద నీళ్లు లేకపోతే తప్పు భూమిదే అయినా, రైతుకు ఎదురుగా కనబడేది డ్రిల్లరు ముఖమే కదా. కిందటి రెండు ఎండాకాలాల్లో సొంతూళ్లో వరసగా పదకొండు బోర్లు వేస్తే పదకొండింట్లోనూ దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. అప్పటి నుంచి ఊళ్లో చిన్నా పెద్దా అతన్ని దుమ్ము మహిపాల్ అంటున్నారు. ఆ పేరు తెలియని చోట ఒక్క బోరులోనైనా నీళ్లు పైకి రావడం చూడాలని అతని కోరిక. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు జీతం బాగుందని చెప్పాడు.

పెట్టెను ముందుగా పంపే ఆలోచన ఇంటి ఓనరు గంగాధరరావు గారి భార్య కుసుమకుమారి గారిది. తెనాలి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆవిడ పంచాంగం చూడకుండా పాలపాకెట్టుకు కూడా గుమ్మం దాటరు.

"ఏవండీ, ఆ బోట్స్వానా ఏ దిక్కు?" అని ఆవిడ భర్తను అడిగారు.

గంగాధరరావు గారు సర్వే శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా ఇత్తడి దిక్సూచిని వదల్లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, మేడ మీదికెళ్లి, "నైరుతి. అంటే దక్షిణం కిందే లెక్క" అని తేల్చారు.

"గురువారం దక్షిణ శూల! ఆ రోజు దక్షిణానికి బయల్దేరితే వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొస్తాడు. మహిపాల్, టికెట్టు మార్చుకోగలవా?"

"గది మా చేతుల లేదు ఆంటీ. కంపెనోళ్లు కొన్న టికెట్."

"అయితే పరస్థానం పెట్టాల్సిందే."

ప్రయాణం రోజు మంచిది కానప్పుడు, ముందురోజే మంచి ఘడియ చూసి, సామాను దక్షిణం వైపు ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. మనిషి మర్నాడు తీరిగ్గా వెళ్లి సామాను అందుకుంటే చాలు, శూల ఏమీ చేయలేదు. ఎనిమిదో నంబరు రోడ్డులో, సరిగ్గా దక్షిణాన, రిటైర్డు టీచరు ఇందిరాదేవి గారి ఇల్లుంది. బుధవారం ఏడూ నలభై రెండుకు పెట్టెకు పసుపు రాసి, లోపల నాలుగు అక్షింతలు వేసి, తాళం పెట్టి, ఆవిడ ముందుగదిలో దించారు.

"ఇక ఈ పెట్టె వెనక్కి అడుగెయ్యకూడదు. వేసిందా, ప్రయాణం భంగం. దక్షిణానికైతే ఎంత దూరమైనా పోవచ్చు" అన్నారు కుసుమకుమారి గారు. మహిపాల్ తలూపి, ఉప్మా తిని, మంగలి షాపుకెళ్లాడు.

ఇక్కడ ఇంకో కాగితం సంగతి చెప్పాలి. కంపెనీ వాళ్లు బోట్స్వానా వెళ్లేవారికి సూచనలని రెండు పేజీలు ఇంగ్లిషులో అచ్చువేసి ఇచ్చారు. అవి మహిపాల్ చేతిలో పది నిమిషాలున్నాయి. "నేను తెలుగులో రాసిస్తానుండవయ్యా" అని గంగాధరరావు గారు వాటిని పైకి పట్టుకుపోయారు. ఆయన సర్వీసులో ఏ కాగితమూ ఎనిమిది రోజుల్లోపు బల్ల దిగిన చరిత్ర లేదు. ఈ కాగితం కోసం ఆయన చరిత్ర మార్చలేదు. ఈలోగా సంతోషి తనకు తెలిసిన ఆఫ్రికాకు తగ్గట్టు పెట్టె సర్దేసింది. ఆఫ్రికా అంటే ఎండ, అడవి. ఎండకు పన్నెండు కాటన్ బనీన్లు పెట్టింది. అడవికని దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద గంటసేపు బేరమాడి మిలిటరీ మచ్చల ప్యాంట్లు రెండు, అవే మచ్చల టోపీ ఒకటి కొంది. ఆకలికి రెండు కిలోల మటన్ పచ్చడి, సీసాడు నెయ్యి, డబ్బాడు సకినాలు పెట్టింది.

తొమ్మిదిన్నరకు గంగాధరరావు గారు ఎనిమిది రోజుల శ్రమ చేతబట్టుకుని కిందికి దిగారు. పదిహేడు సూచనలు, గుండ్రటి అక్షరాలు, పక్కన ఎర్ర సిరాతో ఆయన సొంత వ్యాఖ్యానం. సంతోషిని కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టారు.

"ఒకటి. ఎవరినైనా ఏదైనా అడిగేముందు నమస్కారం చెప్పి, బాగున్నారా అని పలకరించాలి. పలకరించకుండా దారి అడిగితే అక్కడ మర్యాద కాదు. రెండు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడి చేత్తో ఇస్తూ ఎడమచేత్తో కుడి మోచేతిని తాకాలి. మంచి పద్ధతి, ఇక్కడా పెట్టాలి. మూడు. జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం, తెల్లవారుజామున గడ్డకట్టే చలి, ఉన్ని బట్టలు తప్పనిసరి."

"ఆఫ్రికల చలా సార్?" సంతోషి నవ్వింది.

"అచ్చుతప్పమ్మా. పక్కన రాశాను చూడు, అచ్చుతప్పు అని. నాలుగు. రోడ్ల మీద ఆవులు, గాడిదలు, అప్పుడప్పుడు ఏనుగులు అడ్డం వస్తాయి, చీకటి పడ్డాక బండి నడపరాదు. ఐదు. మాంసంతో, పాలతో చేసిన పదార్థాలు తీసుకురాకూడదు, దిగగానే తీసేసుకుంటారు."

సంతోషి నవ్వు ఆగింది.

"ఆరు. మిలిటరీ మచ్చల బట్టలు ఆ దేశంలో మామూలు జనం వేసుకోకూడదు. చట్టవిరుద్ధం. పట్టుకుంటారు."

"గవి ప్యాంట్లు కూడనా సార్?"

"ప్యాంట్లు, చొక్కాలు, టోపీలు, అన్నీ. ఏం, ఎందుకు?"

సంతోషి ఫోన్ తీసింది. మంగలి షాపులో మహిపాల్ తలకు కుడివైపు పూర్తయి ఎడమవైపు మొదలుకావాల్సి ఉంది. అతను అలాగే లేచి వచ్చేశాడు. అతను గేటు దగ్గరికి వస్తుండగానే ఫోన్‌లో ఆఫీసు నుంచి శ్రీకర్ మెసేజ్ మోగింది. వెళ్లే నలుగురూ మధ్యాహ్నం మూడింటికి పెట్టెలతో సహా ఎల్‌బీ నగర్ ఆఫీసుకు రావాలి. సూచనల ప్రకారం సర్దారో లేదో పెట్టె తెరిచి చూస్తారు. కిందటిసారి ఎవడో తెచ్చిన ఎండుచేపల వల్ల కంపెనీ పరువు పోయింది కాబట్టి, ఈసారి ఒక్క వస్తువు తేడా ఉన్నా ఆ మనిషి ఆగిపోతాడు, అతని బదులు వరసలో తర్వాతి డ్రిల్లరు జగన్ వెళతాడు. జగన్ పాస్‌పోర్టు, పెట్టె పట్టుకుని ఇప్పటికే ఆఫీసులో కూర్చున్నాడు.

మహిపాల్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. "పెట్టె తెస్త. అవన్నీ తీసేసి ఎల్‌బీ నగర్ పట్టుకపోత" అన్నాడు.

కుసుమకుమారి గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. "ఎల్‌బీ నగర్ ఏ దిక్కండీ?"

గంగాధరరావు గారు దిక్సూచి చూశారు. చూడకుండా ఉంటే బాగుండేది. "ఉత్తరం. కాస్త తూర్పు."

"దక్షిణానికి బయల్దేరిన పెట్టెను ఉత్తరానికి తిప్పుతారా? పైగా ఇవాళ బుధవారం, ఉత్తర శూల. ఒకటి కాదు నాయనా, రెండు."

"ఆంటీ, తీస్కపోకపోతే జగన్ పోతడు!"

"తీసుకెళితే నువ్వెళ్లినా అక్కడ నిలవలేవు."

ఇంకెవరైనా అయితే ఈ మాట కొట్టిపారేసేవారు. పదకొండు ఎండు బోర్లు వేసినవాడికి ఆ తెగువ ఉండదు. ఒక్కొక్క బోరుకూ కొబ్బరికాయ కొట్టకముందే బండి స్టార్ట్ చేశానేమో, ఎదురొచ్చింది ఎవరో అని అతను రెండేళ్లుగా మనసులో లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. ముందు పెట్టె తెరిచి చూద్దామని అందరూ ఇందిరాదేవి గారింటికి నడిచారు.

ఇందిరాదేవి గారు గుమ్మంలో చేతిసంచితో సిద్ధంగా ఉన్నారు. పక్కన పసుపు రాసిన పెట్టె. "మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నానండీ. మా మరిది పోయాడు, గుంటూరులో. ఇప్పుడే కబురొచ్చింది. ఎల్‌బీ నగర్ వెళ్లి బస్సెక్కాలి. ఇల్లు మైల, పెట్టె ఇక్కడ ఉంచకూడదు."

కుసుమకుమారి గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఎన్నింటికి పోయారు?"

"తెల్లవారి ఆరింటికట."

ఆరింటికి పోయినాయన వల్ల ఏడూ నలభై రెండుకే ఇల్లు మైలపడిందా, లేక కబురు తెలిసిన తొమ్మిదీ ముప్పావుకా అన్న చర్చ వీధిలో మొదలైంది. పోయినాయన గురించి ఎవరైనా ఒక మంచిమాట అంటారేమోనని ఇందిరాదేవి గారు కాసేపు చూశారు. తెలిసిన దగ్గర్నుంచే మైల అని గంగాధరరావు గారు తేల్చాక, ఆవిడ ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు. పెట్టె వీధిలో మిగిలింది.

"దక్షిణాన ఇంకెవరున్నారు మీకు?" అన్నారు కుసుమకుమారి గారు.

ఉన్నది మహిపాల్ మేనమామ లచ్చయ్య. కాలనీలు అయిపోయిన చోట ఆయన గేదెల కొట్టం, దాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. దిక్సూచి ముల్లు దక్షిణానికి రెండు డిగ్రీలు మాత్రమే అటూ ఇటూ అంది. ఆటోని పిలిచారు. పెట్టె ఎక్కించారు. మెయిన్‌రోడ్డు ఎక్కాక ఆటోవాడు మామూలుగా ఎడమచేతి వైపు తిప్పాడు. "డివైడర్ ఉంది కదా, జర ముందుకు పోయి యూటర్న్ కొట్టాలె" అన్నాడు.

"ముందుకంటే?" అన్నారు కుసుమకుమారి గారు.

గంగాధరరావు గారు నోరు విప్పక తప్పలేదు. "ఉత్తరానికి. రెండొందల మీటర్లు."

"ఆపు బాబూ, ఆపు!"

ఆటో ఆగింది. మహిపాల్ పెట్టెను నెత్తిన పెట్టుకుని డివైడర్ దాటి, అవతలి వైపు ఫుట్‌పాత్ మీద దక్షిణానికి నడవసాగాడు. మిగతా ముగ్గురూ ఆటోలో ఉత్తరానికెళ్లి, యూటర్న్ తీసుకుని, వెనక నుంచి వచ్చి అతన్ని కలుసుకున్నారు. మనుషులకు ఈ నియమం వర్తించదని కుసుమకుమారి గారు దారిలో వివరించారు. సగం క్షవరంతో, పసుపు పెట్టె నెత్తిన పెట్టుకుని వస్తున్న మనిషిని చూసి ఒక కాలేజీ అమ్మాయి భక్తిగా పక్కకు తప్పుకుంది.

"ఏంది అల్లుడా, ఎవలన్న తరుముతున్నరా?" అన్నాడు లచ్చయ్య.

"రేపటిదాక గీ పెట్టె ఉంచు మామా. ఉత్తరానికి మాత్రం జరపకు."

"ఉత్తరం దిక్కు బర్లుంటయి. జరిపినా ఉండనియ్యవు."

కొట్టం పక్క గదిలో పెట్టె తెరిచారు. మచ్చల ప్యాంట్లు, టోపీ, పచ్చడి, నెయ్యి బయటికి తీశారు. పచ్చడి వాసనకు లచ్చయ్య దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు పెట్టె నిర్దోషి. అయినా ఆ నిర్దోషిని ఎల్‌బీ నగర్ తీసుకెళ్లే దారి లేదు. టైము పన్నెండున్నర.

అప్పుడు గంగాధరరావు గారికి ఉపాయం తట్టింది. ఆయనకు ఉపాయాలు తట్టడం ఇంట్లో అందరికీ భయమే. "చూసేది పెట్టెనా, సామానా? సామాను. మా ఇంట్లో ఇలాంటిదే ఎర్ర పెట్టె ఉంది. అందులో కాగితం ప్రకారం అన్నీ సర్ది చూపించేద్దాం. సాయంత్రం అది ఇంటికి వచ్చేస్తుంది. పొద్దున ఈ పెట్టె ఇక్కణ్ణుంచే శంషాబాద్ పోతుంది. అదెలాగూ దక్షిణమే."

ఎవరికీ తప్పు కనబడలేదు. ఆటో ఉత్తరానికి తిరిగింది, ఈసారి ఎవరూ అభ్యంతరపెట్టలేదు.

ఎర్ర పెట్టె గంగాధరరావు గారి బదరీనాథ్ పెట్టె. సెప్టెంబరులో భార్యాభర్తలు యాత్రకు వెళ్లాలని నాఫ్తలీన్ గోళీలు వేసి ఉన్ని బట్టలన్నీ అందులో దాచారు. ఆయన తన కాగితం ముందుపెట్టుకుని ఒక్కొక్క సూచనకూ టిక్కు పెడుతూ సర్దారు. పాస్‌పోర్టు జిరాక్సులు, టార్చి, దోమల క్రీము, మందులు. మూడో సూచన దగ్గర సంతోషి ఆగింది. "సార్, గది అచ్చుతప్పన్నరు కదా?"

"తప్పేనమ్మా. కానీ పరీక్షలో సిలబస్ ప్రకారమే రాయాలి, మన సొంత తెలివి రాయకూడదు. ఉండనీ ఉన్ని బట్టలు." మంకీ క్యాపులు, మేజోళ్లు, మఫ్లరు, కుసుమకుమారి గారు మొదటి పెళ్లిరోజుకి అల్లిన చిలకల స్వెట్టరు, అన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ స్వెట్టరును గంగాధరరావు గారు నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా వేసుకోలేదు. దానికి వాతావరణం కారణమని చెబుతూ వచ్చారు.

మంగలి షాపు మధ్యాహ్నం భోజనాలకు మూసి ఉంది. సగం తలతో ఆఫీసుకెళ్లడం బాగుండదని మహిపాల్ మంకీ క్యాపొకటి తీసి తలకు తగిలించుకున్నాడు. జూలై మధ్యాహ్నం ఎల్‌బీ నగర్‌లో మంకీ క్యాపు పెట్టుకున్నవాడు అతనొక్కడే. చెమట చెవుల నుంచి కారుతోంది.

ఆఫీసులో శ్రీకర్ మిగతా ముగ్గురి పెట్టెలూ చూసి విసిగిపోయి ఉన్నాడు. వాళ్లూ చలి అన్న మాట చూసి నవ్వినవాళ్లే. తలా ఒక పల్చటి చలికోటు పెట్టుకొచ్చారు. రూలు ప్రకారం పాసయ్యారంతే. బెంచీ మీద జగన్ ఆశగా కూర్చున్నాడు.

శ్రీకర్ ఎర్ర పెట్టె తెరిచాడు. నాఫ్తలీన్ వాసన గదంతా నిండింది. మేజోళ్ల కింద మేజోళ్లు, స్వెట్టరు కింద స్వెట్టరు. అతను తలెత్తి మహిపాల్ టోపీ చూశాడు. "ఇదేంటి, ఇప్పుడే పెట్టుకున్నావ్?"

మహిపాల్‌కు నిజం చెప్పే ధైర్యం లేదు, అబద్ధం చెప్పే అలవాటు లేదు. "అలవాటు కావాలె కదా సార్" అన్నాడు.

శ్రీకర్ ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "మూడేళ్లుగా ఆ కాగితం ఇస్తున్నాను మహిపాల్. మూడో పాయింటు నమ్మినవాడివి నువ్వొక్కడివే!" అని పెట్టె మూసి, చుట్టూ కంపెనీ పేరున్న పసుపు టేపు నాలుగు చుట్లు చుట్టి, సంతకం పెట్టాడు. "ఇక ఎవరూ తెరవడానికి లేదు. పెట్టెలు ఇక్కడే ఉంటాయి. రేపు వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు వస్తాయి. మనిషికి ఒక్కటే పెట్టె, గుర్తుంది కదా?"

మహిపాల్ నోరు తెరిచాడు. బెంచీ మీద జగన్ కూడా కాస్త ముందుకు వంగాడు. మహిపాల్ నోరు మూసుకున్నాడు.

బయట చెట్టు కింద నిలబడిన గంగాధరరావు గారికి సంగతి తెలియగానే మొదట వచ్చిన మాట, "నా బదరీనాథ్!" రెండో మాట కుసుమకుమారి గారిది. పెట్టె పోతే పోయింది, కానీ పరస్థానం పెట్టిన సామాను అందుకోకుండా మనిషి వెళితే శూల తగులుతుంది కదా అని ఆవిడ దిగులు. చివరికి ఒక రాజీ కుదిరింది. గురువారం పొద్దున్నే మహిపాల్ సంతోషితో కలిసి లచ్చయ్య ఇంటికి వెళ్లి, అసలు పెట్టెను కళ్లకద్దుకుని, అందులోంచి రెండు బనీన్లు, సకినాల డబ్బా చేతిసంచిలో వేసుకుని, అటునుంచి అటే శంషాబాద్ వెళ్లాడు. సంతోషి గేటు దాకా ఏడవలేదు. ఆటో మలుపు తిరిగాక గేదెల పక్కన నిలబడి ఏడ్చింది. లచ్చయ్య ఓదార్చడానికి ఏమీ తోచక, పచ్చడి బాగా కుదిరిందన్నాడు.

పదహారో రోజు పదకొండింటికి మహిపాల్ వీడియో కాల్ చేశాడు. అక్కడ ఏడున్నర. ఓనరు దంపతులు కూడా కిందికి దిగి వచ్చారు. తెరలో ముందు కనబడింది చిలకల స్వెట్టరు, దాని పైన మంకీ క్యాపు, మధ్యలో నవ్వుతున్న రెండు కళ్లు.

"ఏందయ్యా, గంత చలా?"

"బండి మీద మంచు పేరింది సంతోషీ! మిగిలిన ముగ్గురు గదిల ముడుసుకొని పన్నరు, ఎండ ముదిరినంకనే ఒస్తరు. పొద్దుగాల బండి కాడ నిలవడేది నేనొక్కన్నే. పొద్దటి బోరు నాదే. చూడు."

ఫోన్ అటు తిప్పాడు. మోటు గడ్డి, ఎర్ర ఇసుక, దుప్పట్లు కప్పుకున్న నలుగురు ఊరి పెద్దలు, మధ్యలో బోరు బండి. గొట్టం నోట్లోంచి బూడిదరంగు దుమ్ము లేస్తోంది. సంతోషి తెర దగ్గరికి జరిగింది. ఆమెకు ఆ దుమ్ము తెలుసు. అప్పుడు దుమ్ము తడిసింది, బురదైంది, ఒక్క దెబ్బన నీళ్లు మనిషెత్తు లేచాయి.

"మూడు వందల పది ఫీట్లు! సంతోషీ, నీళ్లే! నీళ్లు!"

మహిపాల్ ఫోన్ పక్కనున్న కుర్రాడి చేతికిచ్చి నీళ్ల దగ్గరికి ఉరికాడు. పెద్దల్లో ఒకాయన వచ్చి అతనికి చెయ్యి అందించాడు. మహిపాల్ ముందు బాగున్నారా అని పలకరించి, ఎడమచేత్తో మోచేతిని తాకి, కుడిచెయ్యి అందించాడు. తడిసిన చిలకలు మెరిశాయి. సంతోషి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

"ముహూర్త బలం" అన్నారు కుసుమకుమారి గారు కళ్లు తుడుచుకుంటూ.

గంగాధరరావు గారు మేడ మీదికి వెళ్లి, కాగితం తీసి, మూడో సూచన పక్కన ఎర్ర సిరాతో రాసిన అచ్చుతప్పు అన్న మాట కొట్టేశారు. సెప్టెంబరు దగ్గరపడుతోందని, ఆయన దగ్గర ఒక్క ఉన్ని మేజోడూ లేదని అప్పుడే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం సంతోషి అడిగింది. "ఆంటీ, మామ ఇంటి కాడున్న పెట్టె తెచ్చుకోవచ్చునా ఇంక?"

"అయ్యో, ఎలాగమ్మా! పెట్టె అక్కణ్ణుంచి ఇక్కడికి రావాలంటే ఉత్తరానికే కదా రావాలి. ప్రయాణం మీదున్న మనిషి తిరిగొచ్చేదాకా ఆ పెట్టె వెనక్కి అడుగెయ్యకూడదు."

మంచి ఘడియలో బోట్స్వానాకు బయల్దేరిన పెట్టె ఇవాళ్టికీ లచ్చయ్య బర్రెల పక్కనే ఉంది, పచ్చడి మాత్రం లేదు.